మామ్మ కోసం పెద్ద యాంప్లిఫయర్

మొన్న మా అబ్బాయి హోమ్ థియేటర్‌కి కొత్త యాంప్లిఫయర్ తగిలిస్తుంటే, వేడెక్కిన వైర్ల వాసనకి రాజోలులో మా ఇల్లు గుర్తొచ్చింది.

నాన్నగారి అమ్మని మేం మామ్మ అనేవాళ్లం. ఆవిడకి బొత్తిగా వినబడేది కాదు. రేడియోకి ఉన్న చిన్న యాంప్లిఫయర్ చాలడం లేదని నాన్నగారు కాకినాడ నుంచి పెద్దది తెచ్చేరు. "దీంతో అమ్మకి చెవులొచ్చేస్తాయి," అన్నారు. కొత్త చెవులు ఎక్కడ మొలుస్తాయోనని నేను మామ్మ కొప్పు వెనకాలే చేరి చూస్తూ కూర్చున్నాను.

నాన్నగారు సౌండు పెంచేరు. గూట్లో గిన్నెలు కదిలేయి, పెరట్లో కోళ్లు గోడెక్కేయి. "ఏవైందండీ మేష్టారూ?" అంటూ పక్కింటాయన పరిగెత్తుకొచ్చేరు. మామ్మ మాత్రం, "ఇంకా పెట్టలేదేరా అబ్బాయ్?" అంది.

నాన్నగారి మొహం వాడిపోయింది. మామ్మ ఆయన వంక ఒకసారి చూసి, లేచొచ్చి, అదురుతున్న స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించింది.

"ఆయ్! ఎంత బాగా పాడుతున్నాడ్రా!" అంది.

అప్పుడొస్తున్నవి వార్తలు. ఆ మాట చెప్పబోతుంటే నాన్నగారు నా నోరు మూసేసి, "అవునమ్మా, మంచి గొంతు," అని గట్టిగా తలాడించేరు. వాతావరణ సూచన అయ్యేదాకా మామ్మ తాళం వేస్తూనే ఉంది.

నిజంగా పాటే అనుకుందో, కొడుకు కోసం అలా అందో ఇప్పటికీ తెలీదు. అడుగుదామన్నా ఆవిడకి వినబడేది కాదు కదా!