నేను నూనె రాసిన రైఫిల్

ఎనభైల తొలినాళ్లలో దుబాయ్‌లో వేటసామాన్ల పెద్ద దుకాణంలో పాత తుపాకులకు నూనె రాయడం నా పని. వాటిలో ఒక రైఫిల్ మీద మనసు పడ్డాను. ఒకరోజు నేను భోజనానికి వెళ్లొచ్చేసరికి దాన్ని ఎవరో కొనేశారు.

ఆ సాయంత్రం బస్సులో నా పక్కన కూర్చున్న ముసలి అరబ్బు ఒళ్లో అదే రైఫిల్! నాకు కడుపు మండిపోయింది.

“బాబా, దీన్ని రెండేండ్లు నేనే సూస్కున్న,” అన్నాను ఉండబట్టలేక, వచ్చీరాని అరబ్బీలో.

ఆయన నా వేలు పట్టుకుని చెక్క పిడి కింద ఉన్న గీతల మీద పెట్టాడు.

“మా నాయన పేరు. కష్టకాలంలో అమ్ముకున్నా. దీనికోసం ఎన్ని దుకాణాలు తిరిగానో, రఫీక్!” అన్నాడు, నేస్తమా అన్నట్టు.

నేను రోజూ తుడిచిన గీతలే అవి. అక్షరాలని తెలియదు. అది ఆయనదేనని ఒప్పుకున్నాక కూడా అసూయ తగ్గలేదు.

మర్నాటి నుంచి మాత్రం ఏ తుపాకీకైనా నూనె రాసేముందు చెక్కంతా వేలితో తడిమి చూసేవాణ్ణి.