యువేల కథ చెప్పిన మౌల్వీ సాబ్

మా శామీర్‌పేట బడి పెద్దపంతులు మౌల్వీ సాబ్ మొన్న శుక్రవారం పొద్దున కన్నుమూశారు. ఛాతీకి తగిలిన దెబ్బతో ఇరవై రోజులు మంచంలో ఉన్నారు. ఆయన కింద ఆరేళ్ళు పంతులుగా పనిచేసినవాణ్ణి కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

యౌవనంలో ఆయన ఓడ గుమాస్తాగా చీనాలోని కాంటన్ రేవు దాకా వెళ్ళారు. అక్కడ విన్న యువే జాతుల చరిత్ర ఆయన్ని జన్మంతా వదల్లేదు. ఆ దేశపు దక్షిణాన, నదుల వెంట, వేల ఏళ్ళ కింద బతికిన జనం వాళ్ళు. నీటిలోని జంతువులు తమ జోలికి రాకూడదని ఒంటికి పచ్చబొట్లు పొడిపించుకునేవారట. బడి ముందు చేపలమ్మే ముసలమ్మకు ఒకసారి ఈ సంగతి చెప్తే, తన చేతుల మీది పచ్చబొట్లు చూసుకుని నవ్వింది.

"గట్లనా సాబ్? ఇవి సచ్చినంక గుడ ఎంబడి వస్తయని మా అవ్వ అంటుండె."

ఈ ఎండాకాలం పక్కనున్న అలియాబాద్‌లో, ఊళ్ళ మీద పడి మగవాళ్ళను పట్టుకుపోయే తుపాకులవాళ్ళు మకాం వేశారు. వాళ్ళ భయానికి దేవరయాంజాల్ నుంచి బండ్లు కట్టుకుని జనం వెళ్ళిపోతున్నారు. అప్పటి నుంచి ఆయన కథ మారింది.

"ఉత్తరాది బాద్షా ఫౌజొచ్చి యువేల ఊర్లకు ఊర్లే లేపి తోలుకపోయింది పంతులూ," అన్నారొకనాడు, చాయ్ సాసర్‌లో పోసుకుంటూ.

"అందర్నీ తోలుకపోయిన్రా, సాబ్?"

"కొందరు గుట్టలల్ల దాగి మిగిలిన్రు. పేర్లు రాసుకోకుంట గంతమందిని ఎట్ల లేపుతరు? ముందుగాల పేర్లే అడుగుతరు."

ఆ సాయంత్రమే పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, ఇళ్ళ గుర్తులు ఉన్న బడి రిజిస్టర్‌ను పొయ్యిలో పెట్టారు. ముప్పై ఏళ్ళ తన చేతిరాత కాలుతుంటే కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టుకున్నారు.

వారం తిరగకముందే ఆ తుపాకులవాళ్ళు నలుగురు బడికి వచ్చారు. ఏయే ఇళ్ళ మగవాళ్ళు ఊరు విడిచారో వాళ్ళకు కావాలి.

"రిజిస్టర్ ఏది?"

"చెదలు తిన్నయ్."

"నోటితో చెప్పు మరి. నీకు అందరు ఎరికే."

"ముసలోణ్ణయిన బేటా. యాది లేదు."

తుపాకీ మడమతో ఛాతీ మీద కొట్టారు. పడిపోయినా ఆయన ఒక్క పేరు చెప్పలేదు. నేను గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఖబరస్తాన్‌కు హిందువులూ ముస్లిములూ అందరూ వచ్చారు. ఇంకా సగం గొయ్యి కూడా పూడలేదు, కరీంనగర్ సడక్ మీద, అలియాబాద్ దిక్కు నుంచి, తుపాకులవాళ్ళ లారీల దుమ్ము లేచింది. అది మా వైపే వస్తోంది. ఎవరూ కదల్లేదు. మట్టి వేసే చేతులు మాత్రం జోరందుకున్నాయి.