పక్వాజు మీది పిండి తుడిసిన రోజు

కూసో బిడ్డా. గా ఫోన్ బోర్లించి జర నా దిక్కు మొఖం పెట్టి విను. సగం విని మిగిలింది నీ మనసులకెళ్ళి రాస్తవు, గట్ల చెయ్యకు. నేనెట్లంటే గట్లనే రాయి. తిట్టింది సుత రాయి. నా కొడుకు, మీ బాపు సదవాలె. నెల రోజులాయె, నా కడుపుల మంట ఆరుతలేదు.

మీ బాపు, ఆయన దోస్తులు ఐతారం వచ్చిందంటే మన క్వార్టర్ ముంగట కుర్చీలేసుకొని కూసుంటరు కదా. బొగ్గు బాయి డ్యూటీ ముచ్చట ఒక్కటి రాదు వాళ్ళ నోట్లె. ఏ మైకు మంచిది, ఏ స్పీకర్ డబ్బా మంచిగ గుద్దుతది, కరీంనగర్‌ల మొన్నటి ప్రోగ్రాంల పాడెటోళ్ళ గొంతు ఎందుకు వినవడలే, గివే ముచ్చట్లు. నేను సుత చాయ్ పట్టుకపోయి ఆన్నే కూలవడుత. నాకు చిన్నప్పటి సంది పాటంటే పిచ్చి. డప్పు దగ్గర విన్నదానికి దూరం విన్నదానికి ఫరక్ ఉంటదని నేనంటే, వాళ్ళు నవ్వి, అవ్వ చెవులు మిషిన్ కంటె మంచిగ పనిచేస్తయ్ అంటరు. గా మాటకు నేను ఉబ్బిపోయేదాన్ని. ఇప్పుడు తలుసుకుంటే నా మీద నాకే కోపమొస్తున్నది.

మీ బాపు గల్ఫ్‌ల ఉన్నన్నేండ్లు స్టేజీలకు సౌండ్ కట్టే పని చేసిండు. వచ్చేటప్పుడు బట్టలు ఒక్క సంచి, వైర్లు రెండు సంచులు తెచ్చిండు. మిక్సరట, చెవులకు పెట్టుకునేటియట, చీమ నడిసినా పట్టే మైకట. ఆ మైకును పసిపిల్ల లెక్క మెత్తటి బట్టల చుట్టి పెట్టిండు. నేను మురిసిన. నా కొడుక్కు ఇంత తెలుసు అనుకున్న.

ఇగ మా అన్న సంగతి. బోథ్‌ల ఉంటడు, నీకు ఎరుకే. నీ ఈడున్నప్పటి సంది భజనల పక్వాజు కొడ్తుండు. మా దిక్కు భజన అంటే సగం మరాఠి, సగం తెలుగు. ఒకలు పేటీ, అంటే హార్మోనియం వాయిస్తరు, పదిమంది తాళాలు పట్టుకొని నిలవడ్తరు, నడుమ మా అన్న పక్వాజు ఒళ్ళె పెట్టుకొని కూసుంటడు. పక్వాజుకు మద్దెల లెక్క రెండు మొఖాలు. కుడి మొఖం చిన్నది, దాని మీద నల్ల మచ్చ ఉంటది, అది టింగుమంటది. ఎడమ మొఖం పెద్దది. దానికి కొట్టేముందు గోధుమ పిండి తడిపి, అరచెయ్యంత అద్దాలె. గప్పుడే అది గుమ్మంటది. కొట్టుడు అయిపోయినంక పిండి గీకి తీసేస్తరు, మల్ల కొట్టేనాడు మల్ల కొత్త పిండి. మా అవ్వ బతికున్నప్పుడు రొట్టెలకు పిండి తడిపేముందు అన్నకని ఒక పిడికెడు పక్కకు తీసేది. మా ఇంట్ల అది దేవునికి తీసిపెట్టినట్టే.

పోయినేడు సంది అన్న ఎడమ చెయ్యి వణుకుతున్నది. డాక్టర్ గోళీలిచ్చిండు గాని, ఇది ఆగేది కాదు, పెరిగేదే అన్నడట. ఆయన కొట్టింది ఇప్పటిదాక ఎవ్వలూ రికార్డు చెయ్యలే. నేనే మీ బాపుకు చెప్పిన. "నా అన్న చెయ్యి ఆగకముందు ఒక్కసారి మంచిగ పట్టు కొడుకా. నేను మల్ల ఏమీ అడుగ." మీ బాపు సంబురపడ్డడు. ఫికర్ చెయ్యకు అవ్వా అన్నడు.

పోయిన నెల బోథ్‌ల సప్తా అయ్యింది కదా, ఏడు రోజుల భజన. ఆఖరు దినం పొద్దుగాల నేను, మీ బాపు, ఆయన దోస్తులు పోయినం. వైర్లు పరుసుకునేటందుకు వాళ్ళకు ఒక గంట పట్టింది. నీళ్ళు తాగి ఇంకో గంట. ఈ మైకు ఆడ, ఆ మైకు ఈడ. వాళ్ళల్ల వాళ్ళు కొట్లాట. అంత సేపట్ల ఒక్కడన్న మా అన్న దగ్గరికి పోయి, నీకు ఎట్ల కావాలె, నీ పక్వాజుకు ఏం కావాలె అని అడగలే. ఒక్కడంటే ఒక్కడు.

అన్న పిండి తడిపిండు. ఎడమ మొఖానికి అద్దిండు. రెండుసార్లు కొట్టి చూసుకున్నడు, గుమ్మన్నది, నా ఛాతిల తగిలింది. పక్వాజు బట్ట మీద పెట్టి చేతులు కడుక్కునేటందుకు బయటికి పోయిండు. గంతే. మీ బాపు మైకు పట్టుకొని వచ్చిండు, ఎడమ మొఖం చూసిండు, తడిగుడ్డ తీసుకున్నడు. నేను ఆడోళ్ళల్ల ఎదురుంగ కూసున్న, చూసిన. కట్టె మీది దుమ్ము తుడుస్తుండు అనుకున్న. శుభ్రమంటే ఆయనకు పానం కదా.

అన్న వచ్చి కూసున్నడు. పేటీ మొదలైంది, తాళాలు మొదలైనయ్. అన్న ఎడమ చేత్తోని ఏసిండు. టప్పుమన్నది. పగిలిన డబ్బా మీద కొట్టినట్టు. అప్పుడు మా అన్న ఏం చేసిండో తెలుసా బిడ్డా? పక్వాజు దిక్కు చూడలే. తన చెయ్యి దిక్కు చూసుకున్నడు. వేళ్ళు ముడిసి తెరిసి, ఇగ అయిపోయింది అన్నట్టు చూసుకున్నడు. గా చూపు నేను సచ్చేదాక మర్వ. మల్ల ఒక్కసారి ఏసిండు. అప్పుడు అరచెయ్యి పెట్టి తడిమిండు.

"పిండేది?" అన్నడు.

"ఏందో అంటుకున్నదనుకున్న మామా. సాఫ్ చేసిన" అన్నడు మీ బాపు. మంచి పని చేసినట్టే చెప్పిండు.

జర పిండి తడుపుకుంట అన్నడు అన్న. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్న దోస్తేమో, లేదు తాతా, అందరు నిలవడ్డరు, మీరు కొట్టుండ్రి, బేస్ మేము కంప్యూటర్‌ల పెడ్తం అన్నడు. రెండు గంటలు వైర్లు పరిసినోళ్ళకు పిండి తడిపే రెండు నిమిషాలు బరువైనయ్. మా అన్న ఎదురుమాట ఆడే మనిషి కాదు. గా బోడి మొఖం మీదనే కొట్టిండు, ఆఖరుదాక.

మరి నేనెందుకు లేవలే అంటవా? ఊరోళ్ళంత నా కొడుకు దిక్కు చూస్తున్నరు. ఎంత సామాను తెచ్చిండో అంటున్నరు. గా గొప్ప నా నోరు మూసింది. గిది సుత రాయి. కొట్టెయ్యకు.

వారానికి ఫోన్‌ల పాట వచ్చింది. అవును, గుమ్మంటున్నది. వాళ్ళు పెట్టిన గుమ్ము అది. ఎక్కడ కొట్టినా ఒక్క తీరు, ఊపిరి లేని గుమ్ము. మా అన్నది అట్లుండదు. పాడెటోళ్ళు గొంతు తగ్గిస్తే ఆయన చెయ్యి సుత తగ్గుతది. కింద ఎవలెవలో బేస్ అదిరిందని రాసిండ్రు. మీ బాపు అది నాకు సదివి వినిపిచ్చిండు, సిగ్గు లేకుంట. అన్న ఒక్కసారి విని నాకు ఫోన్ చేసిండు. "చెల్లె, గీ పాటల ఎడమ చెయ్యి నాది కాదు" అన్నడు. ఆయన తిట్టినా నాకు మంచిగుండు.

నేను మీ బాపును అడిగిన. అవ్వా, నీ ఒక్కదానికే తేడా వినవడుతున్నది అన్నడు. మరి ఐతారం ఐతారం నా చెవులను మెచ్చుకున్నది ఎందుకురా అన్న. మూడు దినాలు ఆయనకు నేను అన్నం పెట్టలే, మీ అమ్మనే పెట్టింది.

ఈ పొద్దుగాల మల్ల అన్నకు ఫోన్ చేసిన. ఇప్పుడు చాయ్ గ్లాసు పట్టుకున్నా వణుకుతున్నదట. ఎండ ఎక్కినంక ఒక గంట మాత్రం మాట వింటదట చెయ్యి. వచ్చే ఏకాదశికి వస్తున్నం అన్న. రాండ్రి అన్నడు. గీ ముచ్చట మీ బాపుకు చెప్తే తల కిందికేసుకొని వైర్లు చుట్టుకుంట కూసున్నడు. నేను పోతుంటె ఎనుకకెళ్ళి అడిగిండు, పిండి ఎంత మెత్తగుండాలె అవ్వా అని. నాకు ఇంక కోపం పోలే, అందుకే చెప్పలే. నీకు చెప్తున్న, నువ్వు రాసియ్యి. చెవి తమ్మె ఎంత మెత్తగుంటదో అంత. మీ బాపే తడపాలె, దోస్తులు కాదు. తడిపి మామ చేతిల పెట్టాలె. మైకు అప్పుడే దగ్గరికి జరుపొద్దు. మా అన్న అద్దుకొని, రెండుసార్లు కొట్టి చూసుకొని, మంచిగుందని తల ఊపినంకనే—

"అత్తా, అన్నం సల్లారుతున్నది, రాండ్రి."

వస్తున్ననే కోడలా. రాసుకో బిడ్డా, తల ఊపినంకనే మీ బాపు గా మిషిన్ షురూ చెయ్యాలె.