మొహంలో దాచిన గుర్తు

కోదాడ బస్టాండు ఎదుటి సందులో స్వర్ణకు ఫొటో స్టూడియో ఉండేది. సూర్యాపేటలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే రాజేందర్ 2012లో ఆమె కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం వేసిపెట్టాడు. అది పాస్‌పోర్టు ఫొటోలో కంటికి కనిపించని గుర్తు కలుపుతుంది. మొహం చూసి మనిషిని పోల్చే యంత్రానికి ఆ గుర్తు అడ్డు రాదు, ప్రింటు తీసి స్కాన్ చేసినా చెరగదు. ఎనిమిది ఫొటోల షీటులో పై వరుస నాలుగింటికి గుర్తుగా గిరాకీ పేరు, కింది వరుస నాలుగింటికి స్టూడియో పేరు పెట్టమన్నాడు. ఫొటో ఎవరి చేతిలోంచి జారిందో పట్టుకోవడం అతని పరిశోధన. స్వర్ణకేమో అదొక గొప్ప. వచ్చినవాళ్లందరికీ చెప్పేది: "ఇక్కడ ఫొటో దిగారంటే మీ మొహం ఎవడూ ఎత్తుకుపోలేడండీ."

ఏడాది తిరక్కుండా మునగాల దగ్గరి తండా నుంచి రంగి వచ్చింది. ఇక్కడ దిగిన ఆమె ఫొటోతో ఎవరో సిమ్ తీసుకుని, లాటరీ తగిలిందంటూ జనాన్ని ముంచారు. పోలీసులు రంగిని స్టేషన్‌కు పిలిచారు. ఆమెకు అసలు ఫోనే లేదు. తండాలో మహిళా సంఘం లీడరుగా ఉన్న ఆమెను దించేయాలంటున్నారట.

"నా మొకం నేనే అమ్ముకున్ననంటున్రు బిడ్డా," అంది.

స్వర్ణ కబురు పెడితే రాజేందర్ వచ్చి, పోలీసులు రంగికిచ్చిన సిమ్ దరఖాస్తు కాపీని స్కాన్ చేశాడు. తెరమీద స్టూడియో పేరు వచ్చింది.

అంటే ఫొటో జారింది స్వర్ణ చేతిలోంచే. చాలామంది నాలుగు ఫొటోలు చాలని కింది వరుస వదిలేసి పోతారు. బతికున్న మనిషి ఫొటో చింపితే అరిష్టమని ఆమె వాటిని బల్లమీది రేకు డబ్బాలో వేస్తుంది. కంప్యూటర్‌నూ నమ్మింది, అరిష్టాన్నీ నమ్మింది. మన దగ్గర ఆ రెండూ హాయిగా కాపురం చేస్తాయి. సిమ్‌లు అమ్మే పక్క కొట్టు చిరంజీవి చిల్లరకని వచ్చినప్పుడల్లా ఆ డబ్బా దగ్గరే నిలబడేవాడు.

ఇది స్టేషన్లో చూపిస్తే స్టూడియో పేరు పోతుందని రాజేందర్ నసిగాడు.

"చూపించకపోతే ఈమె పేరు పోతుంది సార్," అని స్వర్ణ చెప్పులు వేసుకుంది.

వాంగ్మూలం ఇచ్చింది. చిరంజీవి పట్టుబడ్డాడు, రంగి మీద అనుమానం పోయింది. స్టూడియోకు గిరాకీ పలచబడింది.

వారం తర్వాత రంగి వచ్చి మిగిలిన తన ఫొటోలు అడిగింది. స్వర్ణ ఇచ్చింది. రంగి అక్కడే ఒకటి చింపింది, ఇంకోటి చింపింది. మూడోది స్వర్ణ ముందు పెట్టింది.

"ఇది నువ్వు సింపు."

"నా చేత్తోనా అక్కా?"

"నాకేం గాదు తియ్యి. సింపు."

స్వర్ణ కళ్లు మూసుకుని చింపింది. తెరిచేసరికి రంగి నవ్వుతూ, మిగతావాళ్ల ఫొటోలున్న డబ్బాను ఆమె ముందుకు జరుపుతోంది.