అరిచే ఇంజను ఆకలి

ఇది అడవిదారిలో రెండు ఇంజన్ల మహాసంగ్రామ గాథ. కాదులెండి, దమ్మపేటలో మా నాన్న పాత కారు కొన్న సంగతి.

మొన్న బంకులో డీజిల్ వాసన తగిలి గుర్తొచ్చింది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా ఇంటికి రెండు కార్లు బేరానికొచ్చాయి. పెట్రోలుది పిల్లిలా నడిచింది. డీజిల్‌ది స్టార్టు చేస్తే వంటింట్లో గిన్నెలు మోగాయి.

"గింత అరుస్తుందంటే దీనికి ఆకలెక్కువ నాన్నా, తమ్ముని లెక్క. భద్రాచలం పొయ్యే అడవిల డీజిల్ అయిపోతే ఎలుగుబంట్లొస్తయ్," అన్నాను.

"నీ తమ్ముడు ఐదుగురిని మోసుకొని గుట్టెక్కుతడా? ఇది ఎక్కుతది. ఊకో బిడ్డా," అని నాన్న డీజిల్‌దే కొన్నాడు.

ఆదివారం చర్చి కాగానే భద్రాచలం బయల్దేరాం. అడవి దాటేదాకా డీజిల్ ముల్లునే చూస్తూ ప్రార్థన చేశాను. ముల్లు పెద్దగా దిగలేదు. నా ప్రార్థన ఫలించిందని చాలా ఏళ్ళు నమ్మాను.

డీజిల్ ఇంజన్లు మామూలుగానే పెట్రోలు వాటికన్నా లీటరుకు ఎక్కువ దూరం ఇస్తాయి.