లినక్సులో మొదటి కార్డు

కట్టంగూరులో హైవే పక్కన రఘుపతికి డీటీపీ దుకాణం ఉంది. పెళ్లి కార్డులు, దినాల కార్డులు, ఫ్లెక్సీలు, అన్నీ అక్కడే. ఏళ్ల తరబడి కూర్చుని కూర్చుని కుర్చీకి గుంటపడింది, ఆయన నడుం వంగిపోయింది.

రఘుపతి ఏ కార్డునూ మొదటినుంచి కొట్టేవాడు కాదు. ఎందుకు కొట్టాలి? ఊళ్లో ప్రతి ఇంటిదీ ఒక పాత కార్డు కంప్యూటర్‌లో పడి ఉండేది. పెద్దబిడ్డ పెళ్లి కార్డు తెరిచి పేర్లు మారిస్తే చిన్నబిడ్డది తయారు. ఇంటి పెద్ద పోతే ఆ కార్డులోనే పేరు ముందు 'కీ.శే.' చేర్చేవాడు. ఊరి పెళ్లిళ్లూ చావులూ అలా ఒకదాని మీద ఒకటి దిద్దుకుంటూ ఇన్నాళ్లు లాక్కొచ్చాడు.

మొన్న ఆదివారం ఆ బండి కూలబడింది. పాత విండోస్ లేవనంటే లేవనంది. కొత్త విండోస్ ఎక్కిద్దామంటే ఆ ముసలి డబ్బా మోయలేదు. పట్నంలో ఉద్యోగం చేసే మేనల్లుడు విజేందర్ వచ్చి, విండోస్ బదులు పాత మిషన్ల మీదా నడిచే లినక్స్ ఎక్కించాడు. మిషన్ చకచకా తెరుచుకుంటోంది, కాదనడానికి లేదు. కానీ రఘుపతి వేళ్లకు తెలిసిన తెలుగు కీబోర్డు అందులో లేదు. పాత కార్డులు తెరిస్తే అక్షరాలున్న చోట వట్టి గళ్లు. "ఫికర్ చేయకు మామా, నాలుగు రోజులల్ల చెయ్యి పడ్తది" అని చెప్పి విజేందర్ బస్సెక్కాడు. వాడిదేం పోయింది, చెప్పి వెళ్లాడు!

చెయ్యి పడలేదు. ఒకటి కొడితే ఇంకొకటి పడుతోంది. వచ్చిన ఇద్దరు గిరాకీలనూ నకిరేకల్ పొమ్మన్నాడు. అటు అలవాటు పడితే మళ్లీ ఇటు రారని ఆయనకు తెలుసు. ఇంకొకరిని కూడా పంపేస్తే ఇక షట్టర్ దించి ఇంటికి పోవడమే అనుకున్నాడు. యాభై ఏళ్లు దాటాక మళ్లీ ఓనమాలు దిద్దమంటే ఎవరికి ఓపిక ఉంటుంది!

ఆ మధ్యాహ్నమే లింగస్వామి భార్య వచ్చింది. గొర్లమంద ఉన్న ఇల్లు వాళ్లది. లింగస్వామి పోయాడు, దగ్గరలోనే దినం. కొడుకు సైదులు చుట్టాలకు చెప్పి రావడానికి తిరుగుతున్నాడు. పెద్దబిడ్డ పెళ్లి కార్డు తీసి దాన్నే మార్చమంది. రఘుపతి పని తీరు ఊరందరికీ తెలిసిందే కదా.

తెరిచాడు. గళ్లు.

"అక్కా, మిషన్ మారింది. నాతోని ఐతలేదు. నకిరేకల్ పోతే గంటల ఇస్తరు."

"ఇంత ఎండల యాడికి పోవాలె తమ్మీ. మెల్లగనే చెయ్యి. నేను కూసుంట."

ఆమె నిజంగానే బెంచీ మీద కూర్చుంది. రఘుపతి ఒంటివేలుతో ఒక్కో అక్షరం వెతుకుతూ మొదలుపెట్టాడు. పాత అలవాటులో తప్పుడు మీటలే నొక్కి, చెరిపి, మళ్లీ కొట్టాడు. పైన లింగస్వామి పేరు వచ్చేసరికి మెడ పట్టేసింది. కింద 'ఇట్లు' అని కొట్టాడు, తర్వాత 'శ్రీమతి' అని కొట్టి ఆగిపోయాడు.

పాత కార్డులో అక్కడ 'శ్రీమతి & శ్రీ లింగస్వామి' అని ఉండేది. ఇన్నేళ్లూ లింగస్వామిని బావా అన్నాడు, ఈమెను అక్కా అన్నాడు, వాళ్లింట్లో ఎన్ని పండుగలకు తిన్నాడో. ఈ మనిషి పేరు మాత్రం ఆయనకు తెలియదు. అడగాలంటే సిగ్గేసింది.

"అక్కా, నీ పేరేంది?"

"నా పేరెందుకు? ఎన్నడన్న ఏసినవా?"

"గిప్పుడు ఎయ్యాలె. బావ పేరు పైకి పోయింది."

ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుని బక్కమ్మ అని చెప్పింది. ఆ చిన్న పేరుకు రఘుపతి రెండుసార్లు తప్పు కొట్టాడు. మూడోసారి కుదిరింది. పాత కార్డు తెరుచుకుని ఉంటే 'కీ.శే.' చేర్చి వదిలేసేవాణ్ని, ఈమె పేరు అడిగేవాణ్నే కాదనుకుని ఆయనకు మనసు చివుక్కుమంది.

మొదటి కాగితం బయటికి వచ్చింది. బక్కమ్మకు చదువు రాదు. తన పేరెక్కడని అడిగితే రఘుపతి వేలు పెట్టి చూపించాడు. ఆమె దాన్ని మెల్లగా తడిమింది.

"ఆయనుంటే సూపెడ్తుంటి" అంది.