మా స్నానాలగది గాలి ఎటు పోతోంది

స్టీలు ప్లాంటువాళ్ళిచ్చిన సెక్టర్ 6 క్వార్టర్‌లో ఉన్నన్నాళ్ళూ మా స్నానాలగదికి కిటికీ ఉండేది. గాలి ఎటు పోతోందని ఎప్పుడూ ఆలోచించలేదు. రిటైరయ్యాక సుపేలా దగ్గర ఈ చిన్న ఫ్లాట్ కొన్నాం. స్నానాలగది ఒకటే, కిటికీ లేదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది. అది వెనక సందులోకి ఊదేది. ఆ సందులో పక్కవాళ్ళ భవనం లేచాక దారి మూసుకుపోయింది. అపార్ట్‌మెంట్ కమిటీవాళ్ళు రేకు గొట్టం ఒకటి వేయించి, మా వరుస ఫ్లాట్ల గాలినంతా దాన్లో కలిపి, నేలమాళిగలోని పార్కింగ్‌లోకి వదిలారు. అక్కడ నాలుగు వైపులా గోడలే. లోపలి గాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాన్ ఉంది కానీ, కరెంటు దండగని ఎప్పుడోగాని వేయరు.

మొదట నాకు అభ్యంతరం కనబడలేదు. పోయేది తడి గాలి, కార్లకేం నష్టం అనుకున్నాను. తరవాత మా ఆవిడకి పొద్దున్న స్నానం చేసి రాగానే తలనొప్పి రావడం మొదలైంది. డాక్టరు చూసి బీపీ బాగానే ఉందన్నాడు. పిల్లల్ని బడికి దింపడానికి కింద కార్లన్నీ ఒకేసారి కదిలే వేళ అది. మన గాలి కిందికి పోవడం సరే, ఆ పొగ పైకి వస్తోందా? బడి ఉన్న రోజుల్లోనే నొప్పి వస్తోందని నా నమ్మకం. నొప్పి వచ్చిన రోజులు రాసుకునే డైరీ తిప్పి చూస్తే ఒక ఆదివారమూ ఉంది.

పరీక్షిద్దామని అగరుబత్తి వెలిగించి బయల్దేరాను.

"దేవుడి దగ్గరది పట్టుకుని అందులోకేటండీ?" అంది మా ఆవిడ.

దాని బదులు దోమల కాయిల్ వెలిగించాను. ఫ్యాన్ ఆపి దాని జాలీ దగ్గర పెడితే పొగ నా మొహం మీదికి వచ్చింది. తేలిపోయిందనుకున్నాను. మధ్యాహ్నం, కింద ఒక్క కారూ కదలనప్పుడు పెట్టినా మొహం మీదికే వచ్చింది. మర్నాడు పొద్దున్న, కార్లు కదిలే వేళకే, బుద్ధిగా జాలీలోకి పోయింది.

పై అంతస్తులో నాతో పాటు ప్లాంటులో పనిచేసిన విజయనగరం మనిషి ఉన్నాడు. అతన్ని అడిగాను.

"నేను ఫ్యానేసుంటాను బావా. నా గాలే నీకొచ్చుంటాది. రాత్రి నేనేటి తిన్నానో చెప్పీ చూద్దాం" అని నవ్వాడు. నవ్వు ఆపి, "ప్లాంటులో గొట్టానికి రంగేసేవోళ్ళు, ఎటు పోతాదో బాణం గీసేవోళ్ళు. దీనికేటుంది?" అన్నాడు.

కారు పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. తెలియకుండానే ప్రాణం తీస్తుంది. ప్లాంటులో పనిచేసిన మా ఇద్దరికీ ఆ భయం ఉంది. దాన్ని పసిగట్టి మోగే చిన్న యంత్రం తెప్పించి, ఆవిరి తగలకుండా స్నానాలగది బయట తగిలించాను. అది ఒక్కసారీ మోగలేదు. తలనొప్పి మాత్రం వస్తూనే ఉంది. దేన్ని నమ్మాలో తెలియలేదు.

కమిటీ సెక్రటరీ ఈ హిందీ ఊళ్ళోనే పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు. "అంకుల్, టెన్షన్ మత్ లీజియే. మీ హవా కిందికి కదా పోతోంది, పైకి ఎలా వస్తాది?" అన్నాడు.

"నేనూ అదే అడుగుతున్నాను బాబూ" అన్నాను.

చివరికి అతన్ని మా ఇంటికి తీసుకొచ్చి, జాలీ ఎదురుగా నిలబెట్టి కాయిల్ పెడితే పొగ అతని మొహం మీదికే వచ్చింది. దగ్గుకుంటూ ఒప్పుకున్నాడు. ప్రతి ఫ్లాట్ గొట్టానికీ బయటివైపే తెరుచుకునే రేకు మూత పెట్టించారు. పొద్దుటిపూట పార్కింగ్ ఫ్యాన్ వేస్తున్నారు.

ఆ తరవాత పొగ వెనక్కి రాలేదు. కొన్నాళ్ళు తలనొప్పీ లేదు. మొన్న మళ్ళీ వచ్చింది.

"కాఫీ ఆలస్యమైంది, అంతే" అంది మా ఆవిడ.

"ముందొచ్చినవీ కాఫీవేనా?"

"నాకేటి తెలుసండీ. రాసుకునేది మీరు కదా."

నిజంగానే అందో, నన్ను ఊరుకోబెట్టడానికి అందో అర్థం కాలేదు. ప్లాంటులో గ్యాసు ఉన్నచోటికి ఒకడు వెళితే మరొకడు బయట నిలబడి, మధ్యమధ్య పిలుస్తుండాలి. ఈ పొద్దున్న ఆమెను గడియ పెట్టొద్దని చెప్పి తలుపు ఇవతల నిలబడ్డాను. కాసేపయ్యాక పిలిచాను.

"ఉన్నాను" అంది నీళ్ళ చప్పుడులోంచి. "వెళ్ళి పేపరు చదువుకోండి."

పేపరు అక్కడికే తెచ్చుకున్నాను.